మడత ఫోన్ వద్దనుకున్నంక

నాకు అన్నిటికన్న పెద్ద భయం ఒక్కటే. మా చెల్లె కల్పనకు ఏమన్నయితే, అది నాకు చెప్పేతందుకు దానికి తొవ్వ దొరకదని.

పిల్ల దగ్గినా, కరెంటు పోయినా భయపడేదాన్నే నేను. "నీకు భయం లేని పొద్దొక్కటన్న ఉన్నదానే వనితా?" అని మా అత్త రాములవ్వ నవ్వుతది. కాని గవన్ని వచ్చిపోయే భయాలు. ఇది పోదు. బీడీలు చేసుకుంట కూసుంటే ఒళ్లో చాటల ఉంటది, తినబోతే కంచంల ఉంటది.

కల్పనకు పుట్టుకతోనే చెవులు వినపడయి, మాట రాదు. బడికి తోలితే పిల్లలు ఏడిపిస్తున్నరని అమ్మ కొన్ని రోజులకే ఇంటికి తెచ్చుకున్నది. అమ్మ కూలికి పోతే దాన్ని చూసేటోళ్లు లేరు. గందుకని ఏడో తరగతిల నేను గూడ బడి బందు పెట్టిన. బీర్పూర్ల గా ఇంట్లనే ఇద్దరం చేతులతోని మాట్లాడుకునుడు మొదలువెట్టినం. ఎవ్వలు నేర్పలే. పట్నం బడులల్ల నేర్పే సైగలు వేరేనట, మాయి మేమే పుట్టించుకున్నయి. వానకొకటి, అమ్మ కోపం మీదున్నదంటే ఒకటి, పక్కింటి రాజవ్వ చాడీలు మోసుకొస్తున్నదంటే ఒకటి. గా రాజవ్వ సైగ చేసుకుని ఆమె ముందటనే కిసకిస నవ్వేటోళ్లం. అన్నిటికి రెండు చేతులు కావాలె. అమ్మ పోయినంక గా సైగలు తెలిసినోళ్లం ఈ దునియల ఇద్దరమే మిగిలినం.

నన్ను కోరుట్లకిచ్చిన్రు, దాన్ని సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లికి. దాని పెనిమిటి మధుకర్ సాంచాలు, గవే బట్ట నేసే కరెంటు మగ్గాలు, నడుపుతడు. మంచోడే. తాగడు, చెయ్యెత్తడు. ఆకలయిందా, పోదామా, పండుకో, గిట్ల నాలుగైదు సైగలు నేర్చుకున్నడు. సంసారానికి గవి సాలనుకుంటడు. పెండ్లిల వాళ్ల తరఫు చుట్టాలు కల్పన చేతులు చూసి ఎక్కిరించిన్రు. అప్పటిసంది ఆ ఇంటోళ్ల ముందట అది చేతులు కొంగు కిందనే పెట్టుకుంటది. మనం నోరు మూసుకున్నట్టే అది.

ఇగ మాకు మిగిలింది వీడియో కాల్. అది ఒక చేత్తోని ఫోన్ పట్టుకుని ఇంకో చేత్తోని మాట్లాడతది, అంటే సగం మాట. నాకేమో ఒక చేతిల ఫోన్, సంకల నా బిడ్డ అక్షిత. నాకు గా సగం గూడ లేదు. స్టాండు కొనిచ్చినం. ఇంట్ల ఉంటే మంచిగనే పనిచేస్తది. కాని కల్పన ఇంట్ల ఉండేదెప్పుడు? పొద్దంత సాంచాల షెడ్డుల నూలు కండెలు చుడుతది, నడుమ జర ఊపిరి తీసుకునేటప్పుడు నాకు చేస్తది. ఫోన్ కండెల డబ్బాకు ఆనిస్తే సాంచాల అదురుకు జారి పడతది. పడకున్నా, రెండు చేతులు కనపడాలంటే అది వెనుకకు జరగాలె. జరిగితే గా బుడ్డ ఫోన్ల దాని వేళ్లు చీమలంతయితయి.

ఒకనాడు కండ్లు మెరుసుకుంట చేసింది. రెండు అరచేతులు కలిపి, పుస్తకం లెక్క తెరిచింది. మా సైగలల్ల లేని సైగ. నాకు సమజ్ గాలే. మళ్ల తెరిచింది, సగం మూసింది, డబ్బా మీద నిలవెట్టినట్టు చేసింది. షెడ్డు సేటు కొడుకు దగ్గర గసొంటి ఫోన్ చూసిందట. తెరిస్తే పెద్దగయితది, సగం మడిస్తే దానంతటదే కూసుంటది, ఎవ్వలు పట్టుకునే పని లేదు. నన్ను చూపించింది, తనను చూపించుకున్నది, మళ్ల అరచేతులు తెరిచింది.

ఆ మాట ఇంట్ల చెప్తే అత్త చాట పక్కకు వెట్టింది.

"మడత పెట్టే ఫోనా? పట్టుచీరనే ఒక్క మడత మీద ఉంచితే గా మడత కాడ పిగులుతది. గందుకే కదా ఏడాదికోపారి మడత మారుస్తం. దాని మడత మార్చొస్తదానే?"

"ఫోన్ చీర కాదత్తమ్మా."

"చీరకంటె అద్దం గట్టిదా మరి?"

మా ఆయన ప్రేమ్‌కుమార్ గడుసు మనిషి కాదు. "జగిత్యాలల ఫహీమ్ దగ్గర వాడిన ఫోన్లు దొరుకుతయి, చూసొద్దాం పా," అన్నడు. నేను చిట్టి ఎత్తి దాచుకున్న పైసలున్నయి. బస్సెక్కినం.

ఫహీమ్ దుకాణం చిన్నది, నోరు పెద్దది. మడత ఫోన్ బయటికి తీసేసరికి రీచార్జికి వచ్చిన ముసలాయన గూడ వంగి చూసిండు.

"ఇదేంది ఫహీమూ, మూస్తే ఫోనా, తెరిస్తే టీవీయా?"

"గంతే కాకా."

"విరిగితే?"

"విరిగితే ఏడుపు."

అందరు నవ్విన్రు. ఫహీమ్ దాన్ని సగం మడిచి అద్దం బల్ల మీద పెట్టిండు. నిలవడ్డది. కెమెరా తెరిచిండు. నేను అక్షితను మా ఆయనకిచ్చి ముందటికి పోయిన. అండ్ల నేను కనపడ్డ. నా మొఖం, రెండు చేతులు, పది వేళ్లు, తంబాకు మరక గూడ. ఎవ్వలు లేకున్నా ఊకుండలేక 'చెల్లె, తిన్నవా?' అని సైగ చేసిన. పుట్టిల్లు ఇడిసినంక ఫోన్ ముందట గా మాట రెండు చేతులతోని అనుడు అదే మొదలు.

మా ఆయన నవ్విండు. ఫహీమ్ నవ్వలే. "ఎవలకక్కా?" అన్నడు.

"మా చెల్లెకు. సాంచాల షెడ్డుల కండెలు చుడుతది."

ఆయన ఫోన్ మెల్లగ తన దిక్కు తిప్పుకున్నడు. "అక్కా, అమ్ముకునుడే నా పని. అయినా చెప్తున్న, వద్దు. మడత పడే గీ బందు కాడ చూడు, సన్నటి సందు. షెడ్డుల దూది నుసి గిండ్లకు పోతది. లోపట తెర మామూలు అద్దం లెక్క గట్టిది కాదు, గోరు గుచ్చుకున్నా మరక పడతది. నుసి లోపట ఉండంగ మూసినవనుకో, ఖతం."

"బాగుచేయరాదా అన్నా?"

"నాతోని గాదు. హైదరాబాద్ పంపాలె. తెర మార్పిస్తే ఇంకో ఫోన్ ఖర్చు. గందుకే చూడు, అందరొస్తరు, తెరుస్తరు, మూస్తరు, 'మస్తున్నది భాయ్' అని పాత తీరుదే కొనుక్కపోతరు."

"మన ఇంట్ల గూడ తంబాకు నుసే కదా," అన్నడు మా ఆయన. కోపంగ అనలే. "నీ ఇష్టం వనితా. నువ్వు చెప్పు."

పలిగితే మళ్ల కొనే తాకతు మాకు లేదు. పలిగిన పొద్దు కల్పన ఎంత ఏడుస్తదో గా దుకాణంలనే కండ్ల ముందట కనవడ్డది. మామూలు ఫోన్లల్ల పెద్దది, గట్టి అద్దం ఉన్నది ఒకటి తీసుకున్నం. ఫహీమ్ దానికి కవరు ఊకెనే వేసిండు.

మా అత్త చెప్పింది నిజం, ఫహీమ్ చెప్పింది నిజం. ఒక్కలన్న అబద్ధం చెప్పి ఉంటే ఇయ్యాల వాళ్ల మీద కోపం చేసుకుందును.

కల్పనకు ఇయ్య పోయినప్పుడు అది డబ్బా తెరిచి, ఫోన్ అంచు పొంటి బొటనవేలు జరిపింది. ఒక దిక్కు, ఇంకో దిక్కు. తెరుసుకునే సందు ఎక్కడున్నదో అని. నేను ఆపలేకపోయిన. లేదని దానికే తెలిసింది. అప్పుడు నా దిక్కు చూసి, ఫోన్ కండ్లకద్దుకుని నవ్వింది. ఎందుకు వద్దనుకున్నమో రెండు చేతులతోని అంత చెప్పిన. నుసి, సందు, హైదరాబాద్. అన్నిటికి తల ఊపింది. తల ఊపుడు చూసి నేను ఏడ్చిన, అదే నా కండ్లు తుడిచింది.

ఆ తర్వాత కాల్స్ తక్కువైనయి. చేస్తది, నవ్వుతది, ఒక చెయ్యితోని 'తిన్న' అంటది, పెట్టేస్తది. సగం సగం మాట్లాడి దానికి యాష్ట వచ్చిందేమో.

పోయిన మంగళవారం పగటీలి చేసింది. మొఖం వాడిపోయి ఉన్నది. కుడి చెయ్యి కడుపు మీద పెట్టుకున్నది. ఏదో పెద్ద మాటే మొదలుపెట్టింది, ఒక చెయ్యితోని అయ్యేటట్టు లేదు. ఇగ ఫోన్ కింద పెట్టింది.

నాకు కనపడ్డది షెడ్డు రేకులు, దూది పట్టిన ఫ్యాను. అంతే. అది మాట్లాడుతనే ఉన్నది. తెర అంచుకు అప్పుడప్పుడు వేలి కొస వచ్చి పోతున్నది. "ఎత్తు, ఫోన్ ఎత్తు!" అని నేను ఒర్లుతున్న, వినపడని దానికి. చాటల ఆకు చెల్లాచెదరయింది, అక్షిత జడుసుకుని ఏడ్చింది. అది మొత్తం చెప్పుకున్నది. చెప్పుడు అయినంక ఫోన్ ఎత్తి నా దిక్కు చూసింది, జవాబు కోసం. మళ్ల చెప్పుమని నేను సైగ చేసిన. అది 'ఏం లేదు' అని చెయ్యి ఊపి పెట్టేసింది.

మధుకర్‌కు చేసిన. "తమ్మీ, దానికి కడుపునొప్పా? నీళ్లు పోసుకున్నదా? నువ్వన్న ఫోన్ పట్టుకో, అది చెప్తది." పాపం పట్టుకున్నడు. ఆయన ముందట అది కొంగు కిందికెళ్లి చేతులు తీయలే, నవ్వింది. "మంచిగనే ఉన్నది కదా వదినె, ఊకె పరేషాన్ గాకు," అన్నడు.

నేనే పోదును. కాని మర్నాడే అక్షితకు అమ్మవారు పోసింది. ఒళ్లంత పొక్కులు, గుమ్మానికి యాపమండలు. అమ్మవారు ఉన్నప్పుడు తల్లి గడప దాటొద్దంటది అత్త. అత్త అననిది గూడ నేనే అనుకుంటున్న: కల్పన కడుపుల ఏమన్న పడ్డదయితే, నేను ఈ రోగం మోసుకుని దాని ముందటికి పోవుడెట్ల? మా ఆయన పోయొస్తనన్నడు. ఆయన గూడ ఈ రోగమున్న ఇంట్ల నుంచే పోవాలె, పైంగ మొగోడు, ఆయన ముందట గూడ అది చేతులు తీయదు.

గందుకే ఇది రాస్తున్న. మీరు సిరిసిల్ల దిక్కు ఉండేటోళ్లయితే, ఆడోళ్లయితే, ఒక్కసారి తంగళ్ళపల్లి పోయి రాండ్రి. మాట రాని కల్పన ఇల్లంటే ఎవ్వలన్న చూపిస్తరు. మధుకర్ రాత్రి షిఫ్టుకు షెడ్డుకు పోయినంక పొండ్రి, అప్పుడు అది ఇంట్లనే ఉంటది. మీకు మా సైగలు రాకున్నా ఏం గాదు, ఏం అడగొద్దు. ఎదురుంగ కూసోండ్రి, అది కొంగు కిందికెళ్లి చేతులు తీసేదాక ఆగుండ్రి. దాని ఫోన్ల నా ఫోటో ఉంటది, దాని మీద ఒత్తుండ్రి. నేను ఎత్తుత. ఫోన్ మాత్రం దాని చేతికియ్యకుండ్రి. మీరు పట్టుకోండ్రి.