లైల్ పేరు పిలిచిన రోజు

మా అక్క ఓపల్‌కి ఒక్కడే కొడుకు, లైల్. ఇళ్లకు పైకప్పులు వేసే పని వాడిది. నవంబరులో ఒక ఉదయం మంచు పట్టిన కప్పు మీద కాలు జారి, రెండంతస్తుల పైనుంచి పడ్డాడు. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. వాడికి ఇరవై తొమ్మిదేళ్లు. పెళ్లి పెటాకులయ్యాక తిరిగొచ్చి అక్క ఇంట్లోనే, నేలకింద గదిలో ఉండేవాడు.

ఫిబ్రవరిలో వాడి పేరు మీద ఒక ఉత్తరం వచ్చింది. అక్క నాకు ఫోన్ చేసింది. నేను జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతాను. ఆ సమయంలో ఒకావిడ తలకి రంగు పూస్తున్నాను.

"వెల్డా, లైల్ డ్రైవింగ్ లైసెన్సు రద్దు చేశారట. కోర్టుకి రాలేదని."

"ఏ కోర్టు?"

"గార్నెట్ కౌంటీ అని ఉంది. రాకపోతే అరెస్టు కూడా చేస్తారట."

"చేసుకోమను. ఎక్కడున్నాడో కావాలంటే నేను చూపిస్తాను. ఆ కాగితం చెత్తలో పడెయ్, అక్కా."

అక్క పడెయ్యలేదు. ఆ ఆదివారం నేను వెళ్లేసరికి ఉత్తరం వంటింటి బల్ల మీద చాపి, పైన ఉప్పు సీసా బరువు పెట్టి ఉంచింది. నర్సింగ్ హోమ్‌లో వంట చేసి వచ్చిన బట్టల్లోనే కూర్చుని ఉంది. లైల్ పోయినప్పటి నుంచి ఆదివారాలు కూడా పనికి వెళ్తోంది.

"అది దేనికి వేసిన చలానాయో తెలియాలి నాకు," అంది.

అప్పటికే తను గార్నెట్ కౌంటీలో ఉన్న ఊరి కోర్టుకి ఫోన్ చేసిందట. అక్కడ ఎవరో విసుగ్గా, ఆ పేరుతో మా దగ్గర కేసేమీ లేదు, ఊరి పోలీసులు రాస్తేనే మాకొస్తుంది, బయట రోడ్డు మీద షెరీఫ్ మనుషులు, అంటే కౌంటీ పోలీసులు, రాస్తే కౌంటీ కోర్టుకి పోతుంది అని పెట్టేశారట. కౌంటీ కోర్టుకి చేస్తే టేపు మాట్లాడిందట. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని. అక్కకి అలాంటివి చేతకావు. నొక్కుతూ నొక్కుతూ ఏడ్చి పెట్టేసింది.

నేను ఫోన్లో కోర్టు కేసులు వెతికే పేజీ తెరిచాను. మా రాష్ట్రంలో ఎవరి కేసైనా ఎవరైనా చూడొచ్చు. నా దుకాణానికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది తమ కూతుళ్లు తిరిగే కుర్రాళ్ల పేర్లు అందులోనే వెతుకుతారు. పేరు కొట్టగానే ఇద్దరు లైల్ స్ట్రిక్లర్లు వచ్చారు. ఒకాయన మా తాత వయసువాడు. పుట్టిన ఏడాది చూసి రెండోది నొక్కాను.

ఉన్నదల్లా నాలుగు ముక్కలు. యాభై అయిదు మైళ్లు దాటకూడని చోట డెబ్బై నాలుగులో పోయాడు. అక్టోబరు ఇరవై ఎనిమిది, మంగళవారం. రాసింది షెరీఫ్ మనిషి, డెప్యూటీ నాష్. కోర్టుకి హాజరు కాలేదు. హాజరు కావాల్సిన తేదీ చూశాను. అప్పటికి వాడిని పూడ్చి రెండు వారాలు.

"ఆ మంగళవారం లూథరన్ చర్చి కప్పు పని అన్నాడు," అంది అక్క. "నేనే శాండ్‌విచ్‌లు చుట్టి ఇచ్చాను. గార్నెట్ కౌంటీ ఇక్కడికి రెండు గంటల దారి. అక్కడ వాడికేం పని?"

"ఏముంటుంది? ఎవతో ఉండుంటుంది," అన్నాను, ఊరికే నోటికొచ్చింది కదాని.

అనకుండా ఉండాల్సింది. అక్క మొహంలో ఏదో కదిలింది. మూడు నెలల్లో నేను చూడని వెలుగు.

"అమ్మాయంటావా?"

"ఏమో అక్కా. ఉంటే చావుకి వచ్చేది కదా."

"తెలిసుండదు. ఆ పిల్లకి ఎవరు చెబుతారు? ఇంకా వాడి ఫోన్ కోసం ఎదురు చూస్తోందేమో."

మర్నాడు నేనే కోర్టుకి ఫోన్ చేశాను. చాలాసేపు పాట విన్నాక ఒక గుమాస్తా దొరికింది. జలుబు గొంతు, మంచి మనిషి. సంగతి చెబితే, "అయ్యో," అంది. "మీరు రానక్కర్లేదమ్మా. మరణ ధ్రువపత్రం నకలు పోస్టులో పంపండి. ప్రాసిక్యూటర్ కేసు తీసేస్తారు. లైసెన్సు వాళ్లకి మేమే రాస్తాం."

స్పీకర్లో వింటున్న అక్క ముందుకు వంగింది. "ఆ చలానా రాసినాయన్ని కలవాలి."

"ఎందుకమ్మా?" అంది గుమాస్తా.

"మా వాడు ఎక్కడికి పోతున్నాడో అడగాలి."

"ఇలాంటివి మేం ఏర్పాటు చెయ్యమమ్మా," అని, ఆ గుమాస్తా ముక్కు చీదుకుని, గొంతు తగ్గించింది. "వచ్చే గురువారం ఆయనకి వేరే కేసులున్నాయి. కోర్టులోనే ఉంటాడు. మీ వాడి కేసు కూడా ఆ రోజు జాబితాలో పెడతాను. నేను చెప్పానని అనకండి."

గురువారం దుకాణం మూసి, నా కారులోనే తీసుకెళ్లాను. అక్క లైల్ చావుకి వేసుకున్న నల్ల గౌనే మళ్లీ వేసుకుంది. జుట్టు నేనే సరిచేశాను. దారంతా బూడిదరంగు వాన. పొలాల్లో కోసేసిన మొక్కజొన్న మోళ్లు, వాటి మధ్య నీళ్లు. అక్క ఆ అమ్మాయికి పేరు తప్ప అన్నీ పెట్టేసింది. బడిలో పనిచేస్తుందేమోట. నెమ్మదైనదేమోట, లేకపోతే వాడికి సరిపడదట.

"అక్కా, లేని పిల్లని పెంచుకోకు," అన్నాను.

"నువ్వు రోడ్డు చూడు."

కోర్టు మెట్ల దగ్గర మంచుకి కాళ్లు జారకుండా ఉప్పు చల్లారు. లోపల తడి కోట్ల వాసన. రంగు మరకల ప్యాంటులో ఒకతను, ఆస్పత్రి డ్యూటీ బట్టల్లో ఇంకొకామె, నిద్రపోతున్న ముసలాయన, అందరూ బల్లల మీద ఒకే తీరుగా కూర్చున్నారు. పేరు పిలవగానే ఒక్కొక్కరు లేచి వెళ్లి, ఒప్పుకుంటున్నానని గొణిగి వచ్చేస్తున్నారు. రంగు ప్యాంటతను మాత్రం జడ్జిగారితో వాదించాడు.

"నా బండి అంత వేగం పోదండీ. కావాలంటే మీరే తోలి చూడండి."

అందరూ నవ్వారు. జడ్జిగారు కూడా. పెద్దావిడ, కళ్లద్దాలు ముక్కు చివరకి జారి ఉన్నాయి. అక్క కూడా నవ్వుతుందేమోనని చూశాను. తను గోడవారగా నిలబడ్డ డెప్యూటీలని చూస్తోంది. ఎవరి చొక్కా మీద నాష్ అని ఉందో వెతుకుతోంది.

"లైల్ స్ట్రిక్లర్," అని పిలిచారు.

ఆ పేరు అలా గట్టిగా, ఏ సానుభూతీ లేకుండా ఎవరైనా పిలిచి ఎన్నాళ్లయిందో. బతికున్న మనిషిని పిలిచినట్టే పిలిచారు. అక్క లేవలేకపోయింది. మళ్లీ పిలిచారు. నేను మోచెయ్యి పట్టుకుని లేపాను.

"నేను వాళ్లమ్మనండీ," అంది. "వాడు చనిపోయాడు."

జడ్జిగారు కళ్లద్దాలు తీసేశారు. నేను తీసుకెళ్లిన ధ్రువపత్రం ప్రాసిక్యూటర్ చూసి తలూపాడు.

"చాలా బాధాకరం, అమ్మా," అన్నారు జడ్జిగారు. "ఈ కేసు కొట్టేస్తున్నాను. ఇంత దూరం మిమ్మల్ని రప్పించినందుకు మన్నించండి."

"నన్నెవరూ రమ్మనలేదండీ. డెప్యూటీ నాష్‌తో మాట్లాడదామని నేనే వచ్చాను."

"ఆయన్ని మాట్లాడమని ఆజ్ఞ ఇచ్చే అధికారం నాకు లేదమ్మా." అని ఆవిడ గోడ వైపు చూశారు. ఎర్రజుట్టు కుర్రవాడొకడు తల వంచుకుని, "నా కేసులు కాగానే వస్తాను," అన్నాడు.

వరండాలో కిటికీ దగ్గర చాలాసేపు కూర్చున్నాం. నాష్ టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. లైల్ కంటే చిన్నవాడిలా ఉన్నాడు.

"నిజం చెప్పాలంటే అమ్మా, నాకు గుర్తు లేదు," అన్నాడు. "రోజుకి ఎంతమందినో ఆపుతాను. మీరొస్తున్నారని గుమాస్తా చెప్పింది. అందుకే పొద్దున్నే నా కారు కెమెరా వీడియో వేసుకుని చూశాను."

"అందులో వాడున్నాడా?"

"ఉన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఏమీ దబాయించలేదు."

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరమ్మా. ఒక్కడే."

అక్క చేతిసంచి పట్టీ వేళ్లకి చుట్టుకుంది. "మరి ఎక్కడికి పోతున్నాడట? ఎవరినైనా కలవడానికా?"

"ఇల్లు చూడటానికి. ఈ ఊళ్లోనే, హాలీ వీధిలో, అద్దె ఇల్లు. ఇక్కడేదో కప్పుల కంపెనీలో పని దొరికిందట. ఇంటాయన నాలుగింటికి వెళ్లిపోతాడని, అందుకే తొందరలో తోలానని చెప్పాడు."

"ఇల్లా? ఎవరికి?"

"తనకే."

అక్క నా వైపు తిరిగింది. నీకు తెలుసా అన్నట్టు చూసింది. నాకు తెలియదు. నిజంగానే తెలియదు.

"ఇంకా ఏమన్నాడు?"

నాష్ టోపీ అంచు తిప్పుతూ నా మొహం చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. అక్క చూసేసింది.

"నువ్వు ఊరుకో వెల్డా. చెప్పు నాయనా. అంతా చెప్పు."

"దీని గురించి ఇంటికి ఉత్తరం వస్తుందా అని అడిగాడు. మీరు పట్టించుకోకపోతే వస్తుందన్నాను. అయితే ఈలోపే తేల్చేస్తాను సార్ అన్నాడు. ముప్పై ఏళ్లు వస్తున్నాయి, ఇంకా మా అమ్మ నా ఉత్తరాలు చింపి చదువుతుంది, ఇల్లు దొరికాకే చెబుదామనుకుంటున్నాను, ముందు తెలిస్తే కదలనివ్వదు అన్నాడు. కోపంగా కాదమ్మా. నవ్వుతూనే అన్నాడు."

"నవ్వాడా?"

"ఆ. ఇద్దరం నవ్వాం."

అక్క సంచిలోంచి ఆ ఉత్తరం తీసి అతనికి చూపించింది, ఏదో రుజువు చూపించినట్టు. "ఇది కూడా నేనే చింపాను," అంది.

"హెచ్చరించి వదిలెయ్యాల్సింది," అన్నాడు నాష్. అతని చెవులు ఎర్రబడ్డాయి. "చాలామందిని వదిలేస్తాను. ఆ రోజెందుకో..."

"నీ తప్పేం లేదు బాబూ. వాడు వేగంగానే తోలాడు." అక్క అతని చెయ్యి తట్టింది. ఎవరికి ఎవరు పరామర్శ చెబుతున్నారో నాకు అర్థం కాలేదు.

బయటికొచ్చాక ఏదైనా తిందామన్నాను. హాలీ వీధికి పోనియ్యమంది. ఫోన్లో దారి చూసుకుంటూ వెళ్లాను. రైలు పట్టాల వెనక చిన్న వీధి. ఒకే అచ్చులో పోసినట్టు చెక్క ఇళ్లు. మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్లీ వెనక్కి తోలాను. చెత్త డబ్బా లాక్కెళుతున్న ఒకావిడ ఆగి, "ఎవరికోసం?" అంది.

అక్క అద్దం దించింది. "ఇక్కడ అద్దెకిచ్చే ఇల్లు ఏదండీ?"

"మీరు ఆలస్యంగా వచ్చారు. ఆ చివరిది ఉండేది. క్రిస్మస్‌కి ముందే ఎవరో మొగుడూ పెళ్లాలు దిగారు."

ఆ ఇంటి ఎదురుగా ఆపాను. ఆకుపచ్చ తలుపు, ముందు రెండు కుర్చీలు, కిటికీలో టీవీ వెలుగు. చూడ్డానికి ఇంకేమీ లేదు. అయినా అక్క దాన్ని పైనుంచి కింది దాకా, కొనబోయేదానిలా చూసింది.

"నేనంత చెడ్డదాన్నా వెల్డా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు.

"చెడ్డదానివి కాదక్కా. నీతో ఉండటం కష్టం."

దెబ్బ తగిలినట్టు కళ్లు మూసుకుంది. వాన పెద్దదయింది. వైపర్లు వేశాను.

"ఒక్క మాట చెప్పుండొచ్చుగా వాడు," అంది చివరికి.

"చెబితే పోనిచ్చేదానివా?"

ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. నర్సింగ్ హోమ్‌లో కూరలో ఉప్పు చూసేటప్పుడు ఎలా పెదవి బిగిస్తుందో అలా బిగించింది.

"లేదు," అంది. "పోనిచ్చేదాన్ని కాదు."

ఇంట్లో ఎవరో కర్టెన్ కొంచెం పక్కకి తీసి మమ్మల్ని చూశారు. ఎవరి ఇంటి ముందో ఊరికే ఆగిన కారు కదా, అనుమానం వస్తుంది. నేను గేరు వేశాను. ఊరు దాటేదాకా అక్క వెనక్కి తిరిగి చూడలేదు. పెద్ద రోడ్డు ఎక్కాక మాత్రం, లైల్‌ని ఆపింది ఎక్కడై ఉంటుందని ఒకసారి అడిగింది. తెలియదన్నాను. అయినా తను అద్దం మీది ఆవిరి తుడిచి, రోడ్డు పక్కలే చూస్తూ కూర్చుంది.