మూడో పిలుపు

ముప్పై ఒక్కేళ్లుగా నేను కోర్టు బంట్రోతుని. హాలు గుమ్మంలో నిలబడి మనిషి పేరు ఇంటిపేరుతో సహా మూడుసార్లు పిలవాలి. మూడోసారికీ పలక్కపోతే గుమాస్తా 'గైర్హాజరు' అని రాసుకుంటాడు, జడ్జిగారు కేసు కొట్టేస్తారు. నేను నోరు విప్పితే వీధి చివరి టీ బడ్డీవాడు కూడా హాజరవుతాడని గుమాస్తా వేళాకోళం.

ఆ ఉదయం పిలవాల్సింది మాజీ అధ్యక్షుణ్ణి. పదకొండేళ్ల కిందట, ఆయన గద్దె మీదున్నప్పుడు, ఊరేగింపులోంచి నలభై మంది కుర్రాళ్లని సైనికులు లారీలెక్కించుకుపోయారు. చంపేశారని తరవాత తెలిసింది. శవాలు కూడా ఇవ్వలేదు. ఆ నలభై మంది జాబితాలో పదిహేడో పేరు మా అబ్బాయి చంటిది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు, ఇరవై రెండేళ్లు. ఇక్కడ ఏ కోర్టూ ఆ కేసు ముట్టుకోలేదు. చివరికి ఎక్కడో పరాయి దేశంలో ఉన్న అంతర్జాతీయ నేర న్యాయస్థానం వారెంటు పంపింది. ఆయన్ని అప్పగించవచ్చా లేదా అన్నది మా రాజ్యాంగ న్యాయస్థానం తేల్చాలి. తీర్పు ఆ రోజే.

మా ఆవిడ పొద్దున్నే వచ్చి కోర్టు వరండా బల్ల మీద కూర్చుంది.

"ఆయనకి శిక్ష పడుతుందని నాకేం ఆశ లేదండీ. ఏదో ఒక కోర్టులో మనవాడి పేరు పైకి చదివితే చాలు. ఇలాంటివాడు ఒకడుండేవాడని ఒక్క జడ్జి చెవినన్నా పడాలి" అంది.

మాజీ అధ్యక్షుణ్ణి మూడుసార్లు పిలిచాను. రాలేదు. "ఆయన తరఫున నేనున్నాను" అంటూ కోటు సర్దుకుని వకీలు లేచాడు. పెద్దవాళ్లకి గైర్హాజరు ఉండదు, వకీళ్లుంటారు.

అంతకు ముందు మూడు రోజులు వాదనలు జరిగాయి. ఒప్పందాలు, సార్వభౌమత్వం, అధికరణాలు. అంత మంది అన్ని మాటలు మాట్లాడారు, నలభై పేర్లలో ఒక్కటి ఎవరి నోటా రాలేదు. గుమ్మంలో నిలబడి పళ్లు నూరుకున్నాను.

జడ్జిగారు తీర్పు చదివారు. అంతర్జాతీయ ఒప్పందం మీద మన దేశం సంతకం చేసిన మాట నిజమే. కానీ ఏ ఒప్పందమైనా రాజ్యాంగానికి లోబడాల్సిందే. దేశాధినేతగా చేసిన పనులకు విచారణ కూడదని, పౌరుణ్ణి పరాయి న్యాయస్థానానికి అప్పగించకూడదని రాజ్యాంగంలో ఉంది. దాన్ని మార్చాలంటే పార్లమెంటే మార్చాలి. అందుకని అప్పగింత చెల్లదు.

పార్లమెంటు నిండా ఆయన పార్టీవాళ్లే. అక్కడి కోర్టుకి ఆయన్ని పట్టుకెళ్లడానికి సొంత పోలీసులు లేరు, ఇక్కడి కోర్టుకి విచారించే అధికారం లేదు. ఆ రెంటి మధ్యా మావాడు పోయాడు.

జడ్జిగారేం చెడ్డవారు కాదు. చివరి పేజీ దగ్గర ఆయన గొంతు జీరపోయింది. అది విన్నాక నాకు మరీ ఒళ్లు మండింది. తిట్టడానికి ఒక దుర్మార్గుడైనా దొరకలేదు. నేనూ ఆ రాజ్యాంగం మీద ప్రమాణం చేసి ఉద్యోగంలో చేరినవాణ్ణే.

మధ్యాహ్నం భోజనాల వేళకి హాలు ఖాళీ అయింది. గుమాస్తా ఒక్కడే కాగితాలు సర్దుకుంటున్నాడు. నాకేమనిపించిందో, గుమ్మంలో నిటారుగా నిలబడి మా చంటి పేరు పిలిచాను, ఇంటిపేరుతో సహా. మెట్ల దాకా మోగింది. రెండోసారి పిలిచాను. గుమాస్తా అలవాటు కొద్దీ కలం తీశాడు.

మూడోసారికి ఊపిరి పీల్చుకునేలోగా మా ఆవిడ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దండీ."

"ఏం? వాడి పేరు వినాలన్నావుగా?"

"విన్నాను. చాలు." గుమాస్తా చేతిలోని కలం వంకే చూస్తోంది. "మూడోసారి కూడా పలక్కపోతే రాలేదని రాసి కొట్టేస్తారుగా. ఆ ఒక్క పిలుపూ ఉంచెయ్యండి."

గుమాస్తా తల దించుకుని కలానికి మూత పెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు. ముప్పై ఒక్కేళ్లలో ఎవర్నీ రెండు పిలుపులతో వదిలెయ్యలేదు నేను. ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను.

మా చంటి కేసు ఇంకా కొట్టెయ్యలేదు.