మూడు నిమిషాల మంత్రివర్గం

నేను ఒక ఇసుక గడియారాన్ని. నాలోని ఇసుక పైనుంచి కిందికి జారడానికి సరిగ్గా మూడు నిమిషాలు పడుతుంది. ఒక గాజు పనివాడు నన్ను ఊది తయారుచేశాడు. ఓడ కెప్టెన్ కొన్నాడు, డాక్టర్ నాడి చూడటానికి వాడాడు, చివరికి వేలంలో శాసనసభకు చేరాను. ఓటింగ్ అనగానే సభాపతి నన్ను తిరగేసేవారు. ఇసుక అయిపోగానే తలుపులు మూసేవారు. ఆ మధ్యలో నన్నెవరూ ముట్టుకోకూడదు.

అవి యుద్ధం రోజులు. యుద్ధానికి సాయపడాలా వద్దా అన్న గొడవతో అధికార పార్టీ రెండుగా చీలింది. చీలిన ముక్కతో, కొందరు స్వతంత్రుల ఊతంతో నీలాద్రిరావు ప్రధాని అయ్యారు; ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే పిలిచేవారు. ఇరవై ఆరో రోజున అవిశ్వాస తీర్మానం వచ్చింది.

లెక్క ఒక్క మనిషి దగ్గర ఆగింది. కొండ తాలూకా సభ్యుడు సూరినాయుడు వస్తే ప్రభుత్వానికి ఒక్క ఓటు ఆధిక్యం. రాకపోతే ఓట్లు సమానం. అప్పుడు తేల్చాల్సిన సభాపతి, నీలాద్రిరావు విడిచొచ్చిన పాత పార్టీ మనిషి.

నన్ను తిరగేశారు. నీలాద్రిరావు తలుపునే చూస్తున్నారు. ఒక నిమిషం గడిచింది. రెండూ గడిచాయి. ఇంకా చిటికెడు ఇసుక ఉందనగా, కిటికీల్లోంచి వచ్చే సముద్రపు గాలి తేమకు అది నా గొంతులో గడ్డకట్టింది.

ప్రతిపక్ష నాయకుడు పరదేశయ్య లేచారు. "అధ్యక్షా, కాస్త తట్టండి."

"ముట్టుకోకూడదని పట్టుబట్టి రూలు రాయించింది మీరే కదండీ," అన్నారు సభాపతి.

సభ నవ్వలేదు. అందరి కళ్లూ నా గొంతు మీదే ఉన్నాయి. బయట, పెట్రోలు కరువుకి బొగ్గుతో నడిపే బస్సు దగ్గుతూ ఆగిన చప్పుడు వినిపించింది. ఒళ్లంతా మసితో సూరినాయుడు లోపలికి వచ్చాడు. నీలాద్రిరావు రెండు చేతులూ చాచి ఎదురెళ్లారు.

సూరినాయుడు ఆ చేతులు అందుకోలేదు.

"ఘాటీ మీద బస్సు మూడుసార్లు ఆగిపోనాది బాబూ. లోపల మా కోడలు పురిటి నొప్పులు పడతంది. ఆస్పత్రిలో దింపి వస్తన్నాను. అది దక్కింది. బిడ్డ దక్కలేదు."

"నాతో ఒక్క మాట చెప్పలేదేమయ్యా?" అన్నారు నీలాద్రిరావు.

"నా కారుకి పెట్రోలు కోసం మూడు కాయితాలు పెట్టాను. మిలట్రీకి తప్ప ఎవరికీ లేదని మీ సంతకంతోనే తిరిగొచ్చాయి."

అతను ఎడమవైపు, పరదేశయ్య వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. బల్ల మీద ఎవరో గుద్దిన అదురుకు నాలో ఇసుక కదిలి కిందికి జారింది. తలుపులు మూశారు. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది.

ఇప్పుడు నేను మ్యూజియం అద్దాల బీరువాలో ఉన్నాను. నా పక్కనే పరదేశయ్య ప్రభుత్వపు తొలి ఉత్తర్వు అతికించారు. అందులో శాసనసభ్యులందరికీ పెట్రోలు ఇమ్మని ఉంది. ఎన్నోసార్లు చదివాను. పురిటి మనుషుల ఊసు ఎక్కడా లేదు.