బల్ల మీద పచ్చటి మైదానం

నేను బొటనవేలంత అయిపోయి మేడగదిలో బల్ల మీద గుర్రమెక్కి కూర్చున్నానని ఎదురింటి సూరాయమ్మ వీధంతా చెబుతోందట. మా ఆవిడ సుభద్ర పైకొచ్చి చూసి, "నిజమే చెప్పింది" అంటుంది.

బల్ల మీద ఉన్నది ఏడువందల ఏళ్ళ కిందటి గ్రీసు దేశం. శిలువ యుద్ధాలకని బయల్దేరి, దారిలో అక్కడే రాజ్యాలు కట్టుకున్న ఫ్రాంకు దొరల సైన్యం మాది. నలభై సీసపు రౌతులకి రంగులు వేసింది నేనే. నలభై ఒకటోవాణ్ణి నేను. నా గుర్రం డెక్కలు కింది బిళ్ళకి, నా తొడలు జీనుకి బంకతో అతికి ఉన్నాయి. బంక ఆరిపోయింది.

ఎదర పచ్చటి మైదానం. అది మైదానం కాదు. ఈ యుద్ధపు ఆటలో అవతలి సైన్యాన్ని ఆడించేది మా బావమరిది వీర్రాజు. అతను అడిగితే నిన్న నేనే దమ్ము చేసిన మడిలా బురద పోసి, పైన ఆకుపచ్చ రంగు కలిపిన రంపపు పొట్టు చల్లాను.

"సుభద్రా, నన్ను తీసెయ్యి" అంటాను.

ఆమె చెయ్యి మబ్బులా దిగుతుంది. వీర్రాజు కొలత టేపు అడ్డం పెడతాడు.

"ఆట మధ్యలో బొమ్మని ముట్టకూడదక్కా."

"మరెప్పుడు తియ్యాలిరా?"

"బావ చచ్చాక. చచ్చినవాళ్ళని తియ్యొచ్చు."

సబబుగానే ఉందనుకుని సుభద్ర స్టూలు లాక్కుని కూర్చుంటుంది.

వీర్రాజు తన సైన్యం దగ్గర్నించి టేపు నా గుండె దాకా లాగుతాడు. పన్నెండు అంగుళాలు. శత్రువు అంత దగ్గర్లో ఉంటే ఫ్రాంకు రౌతులు ఆగకూడదు, ఉరకాల్సిందే. ఆ నియమం ఆట పుస్తకంలో అచ్చయి ఉంది కాబట్టి గుర్రాలకి తెలుసు.

పక్కనున్న మా దొరతో చెబుతాను. "దొరగారూ, అది పచ్చిక కాదు, బురద. ఇనుప చొక్కాలతో దిగితే లేవలేం. నాలుగెకరాలు ఊడ్పించినవాణ్ణి, నా మాట వినండి."

దొర తల తిప్పడు. మెడ తిరిగేలా పోత పొయ్యలేదు. "ఎంత పచ్చగా ఉందో చూడవయ్యా" అంటాడు.

"ఆ పచ్చదనం నేను వేసిందేనండీ."

"బాగా వేశావు."

గుర్రాలు కాళ్ళు కదపకుండా పరిగెడతాయి. ముందు వరస చప్పుడు లేకుండా దిగిపోతుంది. తర్వాత దొర. బురద నా చంకల దాకా వచ్చి ఆగుతుంది.

సుభద్ర చీర ఎగదోపి, నారుకట్ట పట్టుకుని బల్ల ఎక్కుతుంది. అడుగడుక్కీ చిన్నదవుతూ నా ఎత్తుకి వచ్చేస్తుంది. వంగి, మునిగిన ఇనుప టోపీల మధ్య నాట్లు వేసుకుంటూ వెనక్కి వెనక్కి నా వైపు వస్తుంది. దొర టోపీకున్న కళ్ళ సందులో కూడా ఒక మొక్క గుచ్చుతుంది. అది వెంటనే వేరు తన్నుతుంది.

"సుభద్రా, నేనింకా చావలేదే" అంటాను.

"కదలకు. వరస వంకరపోతుంది."