నూట పన్నెండో బల్ల

రాత్రి తేమకు ఊడిన పరీక్ష నెంబరు చీటీలకు ఎంకన్న మళ్లీ మైదా జిగురు రాస్తున్నాడు. బల్ల మూలన చీటీ పెట్టి, అంచులను బొటనవేలితో నొక్కాడు. మారిషస్ కొండమీది క్యూర్‌పైప్ ఊరి మంచు అప్పుడే హాల్లోకి వచ్చేసింది. బల్లకూ బల్లకూ మధ్య ఐదడుగుల దూరం చూసేందుకు వెదురుకర్ర ఉంది. ఆఖరి వరస, ఆఖరి బల్ల, నూట పన్నెండు. అది అతని నెంబరే.

కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా ప్యూను. కేంబ్రిడ్జి పరీక్ష రాయడం ఇది మూడోసారి. రెండుసార్లూ ఇంగ్లీషు పోయింది. ఇంగ్లీషు పోతే తక్కిన మార్కులు ఎన్ని ఉన్నా సర్టిఫికెట్ ఇవ్వరు. ఆ కాగితం ఉంటే బళ్లో తెలుగు చెప్పే పని అడగవచ్చు. ఈరోజు ఇంగ్లీషుతో పరీక్షలు ఆఖరు.

పొద్దున పప్పు పూరీలు మడిచి ఇస్తున్న భార్యతో అన్నాడు: “ఇంగ్లండులో దిద్దేవాళ్లకి నా మొకం తెల్దు, పాపమ్మా. నెంబరే తెలుసు. ప్యూనని ఎక్కడా రాయరు.”

ఆమె నవ్వి, పచ్చడి ఇంకాస్త రాసింది.

గుమస్తా రోజర్ అతణ్ని తోంతోన్ అంటాడు, బాబాయి అన్నట్టు. ఈరోజు గంట రోజర్ కొట్టాలి.

“అలవాటుకొద్దీ నువ్వే లేచి కొట్టేవు, తోంతోన్.”

ఎంకన్న ఖాకీ కోటు విప్పి, మేకుకు తగిలించి, వెళ్లి కూర్చున్నాడు.

సగం పరీక్షలో వాన పట్టుకుంది. ముందు బల్ల అమ్మాయి పక్కన కిటికీ రెక్క కొట్టుకుంది, కాగితాల మీద జల్లు పడింది. ఎంకన్న లేచి గడియ పెట్టేశాడు. పెట్టాక గానీ తానెక్కడున్నదీ గుర్తు రాలేదు. రాజధాని పోర్ట్ లూయీ నుంచి కొత్తగా వచ్చిన పర్యవేక్షకురాలు తల ఎత్తింది.

“కూర్చోండి, ముస్యే.”

ఈ హాల్లో అతణ్ని ఎవరూ అలా ‘అయ్యా’ అన్నట్టు పిలవలేదు. కూర్చున్నాడు. కాసేపు కలం కదలలేదు. తర్వాత గంట కొట్టేదాకా ఆగలేదు.

ఏటా జవాబు కాగితాల కట్టలకు లక్క వేసేది అతనే. ఈసారి పరీక్ష రాసినవాడు కనుక తాకకూడదు. గుమ్మంలో నిలబడి చూశాడు. లక్క పల్చగా పోశావని రోజర్‌కు చెప్పాడు. పెట్టె ఇంగ్లండు ఓడకు వెళ్లిపోయింది. చీటీలు రేపు పీకుతానన్నాడు.

తన ఊరు షెమాన్ గ్రెనియేకు వెళ్లే బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. చెరకు తోటలు మొదలయ్యే దగ్గర అతను తల అద్దానికి ఆనించడం కండక్టర్ కేశవ్ చూశాడు. ఆఖరి మజిలీలో ఎంకన్న తప్ప అందరూ దిగారు. కేశవ్ భుజం తట్టాడు, మళ్లీ తట్టాడు. తర్వాత టోపీ తీసి, డ్రైవర్‌ను ఇంజన్ ఆపమన్నాడు.

మార్చిలో ఫలితాలు వచ్చాయి. నూట పన్నెండు: మూడో శ్రేణి. ఇంగ్లీషు పాస్. రోజర్ ఆ వరసను వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. ఆదివారం పాపమ్మ దగ్గరికి వెళ్లి చెప్పాలి. లేచి ఖాళీ హాల్లోకి నడిచాడు.

కొత్త ప్యూను చీటీలన్నీ కత్తితో గీకేశాడు. ఆఖరి బల్ల మీది చీటీ మాత్రం ఒక్క మూల చిరిగి, తక్కిన అంచులన్నీ చెక్కను పట్టుకునే ఉంది.