ఉప్పు సంచిలో ఆకాశపు ఓడ

నేను ఒక మెమరీ కార్డును. చిటికెన వేలి గోరంత ఉంటాను. ప్రస్తుతం నా నివాసం బీరయ్య అనే గొర్ల కాపరి మొలకు వేలాడే గుడ్డసంచిలో, గుప్పెడు దొడ్డుప్పు మధ్య. ఒకప్పుడు నాలో పదహారు కథలుండేవి. ఇప్పుడేమీ లేవు. ఉప్పు తేమకు నా బంగారు రంగు పళ్లన్నీ చిలుము పట్టిపోయాయి. ఏ ఫోనులో పెట్టినా నన్ను గుర్తుపట్టదు. దానికి నాకు దిగులేమీ లేదు. ఎట్లా జరిగిందో చెబుతాను.

నా పుట్టుక గురించి చెప్పేందుకు పెద్దగా లేదు. నా లోపలి సిలికాన్ పలుకు ఇసుకలోంచి తీసిందట. సముద్రాల అవతల, దుమ్ము రేణువు కూడా దూరని గదిలో, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న మనుషులు నన్ను చేశారు. చేసినవాళ్లలో ఒక్కరూ నన్ను ఒట్టి చేత్తో తాకలేదు. అంత మడిగా పుట్టినదాన్ని, తర్వాత గొర్రె పెంటికల వాసనలో బతికాను. ఇదే నయమనిపించింది.

కళ్లూ చెవులూ లేనిదానికి ఇవన్నీ ఎట్లా తెలుసని మీరు అడగవచ్చు. ఫోనుకు ఉన్నాయి. ఫోను కడుపులో ఉన్నదానికి ఫోను చూసినవీ విన్నవీ తెలియకుండా ఉంటాయా? మిగతావి, బీరయ్య మొలకు వేలాడుతూ వాళ్ల మాటల్లో విన్నవి.

మండల కేంద్రంలో ఒక మొబైల్ దుకాణం ఉంది. పాటలు, సినిమాలు కార్డుల్లో నింపి ఇస్తారు. ఒకరోజు పొద్దున కాలేజీ పిల్లవాడొకడు వచ్చి, జపాన్ బొమ్మల కథలేవో నింపమని నన్ను ఇచ్చి వెళ్లాడు. వాడి వెనకాలే గొంగడి భుజాన వేసుకున్న సాయిలు, బీరయ్య తమ్ముడు, వచ్చాడు. అతనిచ్చిన కార్డూ నాలాగే నల్లగా, నా అంతే ఉంది.

"ఒగ్గు కథలు నింపు సేటూ. బీరప్ప కథ, మల్లన్న కథ, ఎన్ని పడితె అన్ని. మా అన్న నోరు తెరవాలె," అన్నాడు.

దుకాణదారుడు రెండూ నింపాడు. తీసి ఇచ్చేటప్పుడు ఒకదానికి బదులు ఒకటి ఇచ్చాడు. అంతే. మనుషుల చేతుల్లో మా తలరాతలు మారడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. ఆ పిల్లవాడు ఒగ్గు కథలు విన్నాడో, విసుక్కుని చెరిపేశాడో నాకు తెలియదు.

సాయిలు వాళ్ల అన్న సంగతి చెప్పాలి. బీరయ్య కురుమ ఇంట పుట్టి, గొర్లు కాస్తూనే ఒగ్గు కథ చెప్పేవాడు. డోలు మోగితే మూడూళ్లు కదిలి వచ్చేవట. రెండేళ్ల కింద అతని భార్య రాజవ్వ జ్వరంతో పోయింది. మట్టి చేసిన రోజు నుంచి బీరయ్య కథ చెప్పలేదు. తన ఇంటి గడప కూడా తొక్కలేదు. మంద ఎక్కడుంటే అతనక్కడ. కూతురు స్వరూపను సాయిలు, అతని భార్య లచ్చవ్వ చూసుకుంటున్నారు. పెత్రమాస నాడు పోయినవాళ్లకు ఇంట్లో అన్నం పెట్టాలి. రెండు పెత్రమాసలకూ బీరయ్య రాలేదు.

ఈసారి సాయిలు గొర్ల దగ్గరికి బయలుదేరుతుంటే స్వరూప అడ్డం నిలబడింది.

"నాయినను తోల్కరా చిన్నాయినా. అమ్మకు నేను పెడ్త, పెట్టరాక కాదు. కాని అమ్మ సూసేది నా దిక్కు కాదు."

అందుకని సాయిలు దుకాణానికి వచ్చాడు. కథ వింటే అన్న మనసు కదులుతుందనీ, కదిలితే ఇంటికి వస్తాడనీ అతని ఆశ. పెత్రమాసకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. మందను తోలుకుంటూ వస్తే ఊరికి రెండు రోజుల నడక.

పంటలు మీదున్న కాలం. గొర్లను చేన్ల దరికి రానివ్వరు. గుట్టల మీదే మేపాలి. మధ్యాహ్నం అవి నీడపట్టున పడుకుని నెమరేస్తాయి. కాపరులకు అదొక్కటే తీరిక. మొదటి రోజు ఆ వేళకు సద్ది విప్పారు. బీరయ్య మొల దగ్గరి సంచి విప్పి, కూరలో చిటికెడు ఉప్పు కలుపుకున్నాడు. అది పెళ్లయిన కొత్తలో కట్టుకున్న సంచి. రాజవ్వ చేతి కూర ఎప్పుడూ చప్పన. ఈయన గొణగడం, ఆమె మూతి తిప్పుకోవడం, ముప్పై ఏళ్లు అదే వాళ్ల ముచ్చట. ఇప్పుడు కూరలు లచ్చవ్వ వచ్చేపోయేవాళ్ల చేతికిచ్చి పంపుతుంది. వాటిలో ఉప్పు సరిగ్గానే ఉంటుంది. అయినా కలుపుకునేవాడు.

"ఒగ్గు కథ పెడ్త ఇను అన్నా," అని సాయిలు ఫోను రాయికి ఆనించాడు.

బూరలు మోగాయి. తుప్పు పట్టిన ఓడ ఒకటి చుక్కల మధ్య దగ్గుకుంటూ వచ్చింది. అందులో పొట్ట కెప్టెన్, చేతిలో పానా పట్టుకున్న ముసలమ్మ, బిందెలాంటి తలకాయ ఉన్న ఇనుప మనిషి, నక్కో పిల్లో తెలియని బొచ్చు జంతువు. అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. ఏ భాషో తెలియదు.

"ఇదేందిరా బయి! బీరప్ప కథ అడిగితె బిందె తలకాయోడు వచ్చిండు!" అని సాయిలు తల పట్టుకున్నాడు. బీరయ్య గొంగడి ముఖం మీదికి లాక్కుని అటు తిరిగి పడుకున్నాడు.

దుకాణానికి పోయి మార్చుకుందామంటే మందను విడిచి పోలేడు. వేరే దిక్కులేక సాయిలు రోజుకొక కథ చూడసాగాడు. ఒక్కో కథ సరిగ్గా గొర్లు నెమరేసేంత సేపు. ఓడ ఒక్కోరోజు ఒక్కో లోకానికి పోతుంది. ఒక లోకంలో అందరూ వెనక్కి నడుస్తారు. ఇంకోదాంట్లో మబ్బుల ఉన్ని కత్తిరించి రగ్గులు నేస్తారు. దాన్ని సాయిలు రెండుసార్లు చూశాడు. కెప్టెన్‌కు తిండి యావ, పిరికితనం. ప్రతి లోకంలోనూ ఏదో ఒకటి విరగ్గొట్టి పరుగెత్తుకొస్తారు. సాయిలు పడీ పడీ నవ్వేవాడు.

మూడో రోజు తనలో తానే అనుకుంటున్నట్టు, "ఈ ముసల్ది కెప్టెన్ పెండ్లామైతది," అన్నాడు.

గొంగడి లోపలి నుంచి మాట వచ్చింది. "పెండ్లాం కాదు. అక్క."

"నీకెట్ల ఎరుక?"

"పెండ్లామైతె అట్ల ఎదురుంగ నిలవడి తిట్టది. పక్కకు తిరిగి తిడ్తది."

మరునాడు బీరయ్య లేచి కూర్చుని చూశాడు. ఆ మరునాడు, "గిది గాదుర వాడనేది," అని తనే మాటలు కల్పించి చెప్పాడు. ఆరో రోజుకు అలవాటయిపోయింది. బొమ్మలు నావి, మాటలు బీరయ్యవి. కెప్టెన్ జొన్నరొట్టె అడిగేవాడు. ముసలమ్మ శాపనార్థాలు పెట్టేది. సాయిలు పక్కన కూర్చుని, డోలు దగ్గర వంతవాడిలా ఊ కొట్టేవాడు.

ఎనిమిదో రోజు కథ అయిపోయాక బీరయ్య అన్నాడు. "ఒకటి సూసినవా తమ్మీ. వీండ్లు ఏ కథల గూడ ఇంటికి పోరు."

సాయిలు అతని వైపు చూడకుండా అన్నాడు. "పోనోళ్లు వాండ్లొక్కరేనా?"

బీరయ్య లేచి గొర్ల దిక్కు పోయాడు.

తొమ్మిదో రోజు తొమ్మిదో కథ. ఓడలో తిండి అయిపోయింది. ఎండు రొట్టెముక్కల కోసం కొట్టుకుంటున్నారు. అంతలో ఓడ రేడియోలో ఎవరో ఆడమనిషి గొంతు.

"వినవయ్యా తమ్ముడా," అని బీరయ్య ఎత్తుకున్నాడు. "అన్నానికి పిలుస్తున్నది. పిలిచే గొంతు ఏ దేశంలనైన ఒక్కతీర్గనే ఉంటది."

"ఊ."

"పొట్టాయన మెడకు రుమాలు కట్టిండు. బిందె తలకాయోడు నాలుగు సార్లు మొకం తుడిసిండు. విందుకు పోతున్నరు."

"ఊ."

చిన్న లోకం, ఒకే ఇల్లు. కెప్టెన్ తలుపు తోశాడు. దుమ్ము. బల్ల మీద గిన్నెలు బోర్లించినట్టే ఉన్నాయి. ఒక కుర్చీ, దాని మీద చీకిపోయిన శాలువా. మూలన యంత్రం మాత్రం ఇంకా పిలుస్తూనే ఉంది. ముసలమ్మ దాన్ని తట్టి చూసింది. అప్పుడు బొమ్మల్లో చూపించారు. ఆ గొంతు ఆ ఇంటి కప్పు మీంచి సన్నటి వెలుగు దారంలా బయలుదేరుతుంది. పొద్దులు పొడుస్తాయి, కుంకుతాయి, లెక్కలేనన్ని. దారం పోతూనే ఉంటుంది, ఓడకు తగిలేదాకా.

బీరయ్య చెప్పడం ఆపేశాడు. సాయిలు ఊ కొట్టడం మరిచాడు.

కెప్టెన్ కుర్చీ ఎదురుగా కూర్చున్నాడు. తన రొట్టెముక్క తీసి, ఒట్టి గిన్నెలో అద్దుకుని నమిలాడు. మిగిలినవాళ్లూ మెల్లగా వచ్చి కూర్చున్నారు. కెప్టెన్ ఆ శాలువా వైపు చూసి ఏదో అన్నాడు. రెండే మాటలు.

"ఏమన్నడన్నా?"

బీరయ్య చెప్పాడు. "వచ్చినం, తింటున్నం... అన్నడు."

ఫోను నల్లబడింది. ఒక గొర్రె తుమ్మింది.

"నన్ను గూడ పిలిచింది తమ్మీ," అన్నాడు బీరయ్య. "పక్కింటోళ్ల ఫోను తీస్కోని. ఉడుకుడుకుగ వండిన, ఒక్కపూట వచ్చి తిని పో అన్నది. పానం బాగలేదని అననేలేదు. గొర్లు ఈనుతున్నయి, రేపొస్త అన్న. రేపు గూడ పోలె. ఎల్లుండి పోయిన. గిన్నె మీద మూత అట్లనే ఉండె." గొంగడి అంచు సర్దుకున్నాడు. "ఇగ ఏ మొకం పెట్టుకొని ఆ గడప తొక్కాలె?"

సాయిలు ఫోను వైపు చెయ్యి చూపించాడు. "వాడు తొక్కలే? నూరేండ్లో ఎన్నేండ్లో ఆలిశమైనోడు తొక్కి కూసున్నడు. నీదెంత, రొండేండ్లు."

మరునాడు మందను వాగు దాటించి అవతలి గుట్టలకు తోలాలి. బీరయ్య లేచి, కర్ర తీసుకుని, ముందు నడిచే గొర్రెను వెనక్కి మళ్లించాడు. ఊరి వైపు.

పెత్రమాస నాడు స్వరూప వండింది. ఇంట్లో గోడకు తల్లి ఫోటో, కింద ఆమె చీర మడత పెట్టి, ముందు ఒక విస్తరి. పక్కన ఇంకో విస్తరి. బీరయ్య కాళ్లు కడుక్కుని గడప దాకా వచ్చాడు. అక్కడ నిలబడిపోయాడు. ముందుకు కదలడు, వెనక్కి పోడు. లచ్చవ్వ, "రా బావా," అన్నది. సాయిలు, "అన్నా," అన్నాడు. అన్నం చల్లారుతోంది.

రాత్రే సాయిలు స్వరూపకు జరిగిందంతా చెప్పాడు. ఆమె చిన్నాయిన ఫోను తీసుకుని, గడప మీద తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని ఆ తొమ్మిదో కథ పెట్టింది. చివరి ముక్క వచ్చేసరికి ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"నాయినా. ఈయన 'వచ్చినం' అనలేదు."

సాయిలు ఉరిమి చూశాడు. ఆ పిల్ల ఆగలేదు. "కింద ఇంగ్లీషుల రాస్తున్నరు గద. సదివిన."

"మరి ఏమన్నడు బిడ్డా?" అన్నాడు బీరయ్య.

"'ఉప్పు తక్కువైంది' అన్నడు. గంతే."

బీరయ్య గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. దగ్గు అనుకున్నారు. నవ్వు. కళ్ల నీళ్లు కారుతూనే ఉన్నాయి, నవ్వు ఆగడం లేదు.

"గా మాట," అన్నాడు. "ముప్పై ఏండ్లు అన్న గా మాట. నాకెట్ల తట్టలే!"

గడప దాటాడు. ఆమె విస్తరి పక్కన కూర్చున్నాడు. సంచి విప్పలేదు. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, నమిలి మింగి, ఫోటో వైపు చూసి గట్టిగా అన్నాడు.

"ఉప్పు తక్కువైందే."

"సరిగ్గనే వేసిన గద నాయినా..." అని స్వరూప అనబోయింది. లచ్చవ్వ ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

తర్వాత సాయిలు ఫోను మార్చాడు. కొత్తదాంట్లో నాకు చోటు లేదు. బీరయ్య నన్ను అడిగి తీసుకుని, తన దగ్గరున్న అన్నిటికంటే భద్రమైన చోట దాచాడు. ఒక వానాకాలం గడిచేసరికి నా పని అయిపోయింది. దుకాణదారుడు చూసి, "ఇది సచ్చింది, పారెయ్," అన్నాడు. బీరయ్య తలూపి, మళ్లీ సంచిలోనే వేసుకున్నాడు.

నేను దాచిన పదహారు కథల్లో పదిహేను ఎటు పోయాయో నాకే తెలియదు. ఒకటి మాత్రం తిరుగుతోంది. బీరయ్య మళ్లీ డోలు మోగిస్తున్నాడు. దేవుడి కథ ముగిశాక, పొద్దు ఉంటే, ఆకాశపు ఓడ కథ చెబుతాడు. అతని చేతిలో ఆ ఓడ ఎడ్లబండిలా కిర్రుమంటుంది. కెప్టెన్ గొంగడి కప్పుకుంటాడు. పెద్దమనుషులు గునుస్తారు, "ఇది ఏ దేవుని కథ బీరన్నా?" అని. "దేవుడు లేడు దీంట్ల. ఆలిశంగ వచ్చినోళ్లు ఉన్నరు," అంటాడు. కెప్టెన్ శాలువా వైపు చూసి అనే ఆ రెండు మాటల దగ్గర మాత్రం డోలు ఆపేస్తాడు. వంతకున్న సాయిలు కూడా అక్కడ ఊ కొట్టడు.

ఇప్పుడు మధ్యాహ్నం. గొర్లు నెమరేస్తున్నాయి. బీరయ్య సద్ది విప్పాడు. స్వరూప వండి పంపిన కూర. అతని వేళ్లు సంచిలోకి వచ్చి, నన్ను తాకి, పక్కకు జరిపి, చిటికెడు ఉప్పు తీసుకుపోయాయి.

"బిడ్డది గూడ తల్లి చెయ్యే," అన్నాడు బీరయ్య, గొర్ల దిక్కు చూస్తూ.