చాందినికి బెల్లం వద్దు

ఓంప్రకాశ్‌తో నాకు మొదటి గొడవ డిసెంబరులో అయింది. గుర్రం మేత మీద.

అతని గుర్రాల షెడ్డు హన్మకొండ దాటాక పొలాల మధ్య ఉంది. పెళ్లి బరాత్‌లకు గుర్రాలు పంపుతాడు. ఆదివారాలు పిల్లలకు సవారీ నేర్పుతాడు. బయటివాళ్ల గుర్రాలను నెలవారీగా పెట్టుకుని సాకుతాడు. మా చాందిని అక్కడే ఉంది. నా భార్య రత్నమ్మ బతికున్నన్నాళ్లు సుబేదారిలో మా కిరాయి ఇంటి వెనక రేకుల కింద కట్టేసేవాళ్లం. ఆమె పోయిన ఏడాదే ఇంటివాళ్లు ఆ జాగాలో అపార్ట్‌మెంటు మొదలుపెట్టారు. నాకు ఒక గది దొరికింది. గుర్రానికి దొరకలేదు.

చాందిని తెల్లది, ముసలిది. మా ఇద్దరికీ అన్నం పెట్టింది అదే. బరాత్ బయలుదేరే ముందు పెళ్లివాళ్లు గుర్రానికి శనగపప్పు, బెల్లం తినిపిస్తారు. ఏళ్ల తరబడి తిన్న ఆ తీపి చివరికి దాని కాళ్లలోకి దిగింది. గిట్టల లోపల వాపు వచ్చి ముందుకాళ్లు నేలకు ఆనించలేకపోయింది. రత్నమ్మ తడి ఇసుక పరిచి దాన్ని కాపాడింది. పశువుల డాక్టరమ్మ వినోద చెప్పిన మేత తప్ప ఇంకేదీ పెట్టనివ్వలేదు. నీళ్లలో నానబెట్టి, పిండిన ఎండుగడ్డి. గుప్పెడు తవుడు. కొంచెం ఉప్పు. చలికాలం గోరువెచ్చటి నీళ్లు. ఉలవలు లేవు, జొన్నలు లేవు, బెల్లం అసలే లేదు. ఆ మేతతో చాందిని లేచింది. తర్వాత వానాకాలంలో రత్నమ్మ పడుకుంది. లేవలేదు.

ఇదంతా ఓంప్రకాశ్‌కు గుర్రాన్ని అప్పగించిన రోజే చెప్పాను. తలూపాడు. పొద్దుటి మేత నేనే వచ్చి పెట్టేవాణ్ని. సాయంత్రం మేత వాళ్లది.

డిసెంబరులో ఒకరోజు తొట్టి అడుగున ఉడికిన ఉలవలు కనిపించాయి.

"ఇదేంది?" అన్నాను.

"ఉలువలు కాకా. చలి ఎట్ల కొడ్తాందో చూస్తలేవా? బర్రెకైనా మనిషికైనా ఈ రోజుల్ల జర వేడి పడాలె."

"దీనికి పడొద్దు."

"దాని పక్క బొక్కలు జూడు, ఎట్ల తేలినయో. పిల్లల్ని దోల్కచ్చే మేడంలు నన్నే అడుగుతాండ్రు, ఆ గుర్రానికి తిండి పెడ్తలేవా అని. ఎవరన్న వీడియో తీసి పెడ్తే నా షెడ్డు గతేంది?"

"బొక్కలు కనవడ్డా నిలబడ్తది. ఒళ్లు జేస్తే పండుకుంటది. ఏది గావాలె నీకు?"

"నువ్వు చెప్పినట్టే కానీ కాకా," అన్నాడు. కానీ ఆ మొహంలో ఒప్పుకోలు లేదు. నేను తొట్టిని పక్క గుర్రం ముందు బోర్లించాను.

జనవరిలో నీళ్ల మీద అయింది. రాత్రంతా మంచులో ఉన్న ట్యాంకు నీళ్లు అలాగే పెట్టారు. చాందిని మూతి పెట్టి తీసేసింది. పొయ్యి రాజేసి నీళ్లు కాచే తీరిక వాళ్లకు లేదన్నాడు. నేనే రాజేశాను. ఆ రోజు నుంచి మేమిద్దరం అవసరానికి మించి మాట్లాడుకోలేదు.

ఓంప్రకాశ్ తల్లి సమ్మమ్మ. షెడ్డు ఊడ్చేది, లద్ది ఎత్తేది ఆమే. గుర్రాలన్నిటినీ బిడ్డా అనే పిలుస్తుంది. దసరాకు ఆమె పళ్లెంలో ప్రసాదం పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మేము చర్చికి పోయేవాళ్లం. ప్రసాదం మేము తినం అన్నాను. ఆమె పళ్లెం మీద కొంగు కప్పుకుని వెనక్కి పోయింది. ఆ రోజు నుంచి నన్ను చూస్తే మూతి బిగించేది.

ఆ చలికాలం మేడారం జాతర ఉంది. షెడ్డులో అందరూ ప్రయాణానికి సిద్ధమవుతున్నారు. అక్కడ గద్దెల మీద అమ్మవార్లకు ఇచ్చే బెల్లాన్ని బంగారం అంటారు. వచ్చేటప్పుడు తెచ్చి ఇంటింటికీ పంచుతారు. పశువులకు కూడా పెట్టేవాళ్లున్నారు. అందుకని సమ్మమ్మతో ముందే అన్నాను.

"అక్కా, జాతర నుంచి బెల్లం తెస్తరు గదా. చాందినికి పెట్టకుండ్రి."

ఆమె చీపురు ఆపింది.

"నువ్వు తినవు, సరే తమ్మీ. నోరులేని జీవం అదేం జేసింది? దానికి గూడ బాప్తిస్మం ఇప్పిచ్చినవా?"

గుర్రాలు తోమేవాళ్లు నవ్వారు. ఓంప్రకాశ్ కూడా నవ్వాడు. బెల్లం ఎందుకు వద్దో అతనికి చెప్పి ఉన్నాను. ఒక ఇంటికి ఒకసారి చెబితే చాలు. రెండోసారి చెప్పే అలవాటు నాకు లేదు. నానిన గడ్డిని పిండి తొట్టిలో వేసి వచ్చేశాను.

జాతర ముగిసి వాళ్లు తిరిగొచ్చింది ఆదివారం. నేను చర్చిలో ఆరాధన ముగించుకుని, పెట్టాల్సిన మేత పొద్దున్నే పెట్టాను కదా అని గదికి పోయాను. సోమవారం పొద్దున షెడ్డుకు వచ్చేసరికి చాందిని ముందుకాళ్లు బారచాపి, బరువంతా వెనక్కి వేసి, గోడకు ఆనుకుని ఉంది. ఒళ్లు వణుకుతోంది. నుదుటి మీద జాతర నుంచి తెచ్చిన పసుపు బండారి. మూతికి బెల్లం జిగట. వంగి గిట్ట మీద చెయ్యి పెట్టాను. కాలుతోంది.

"ఎవరు పెట్టిండ్రు?" అని అరిచాను.

సమ్మమ్మ వచ్చింది. భయపడలేదు.

"నేనే పెట్టిన తమ్మీ. గద్దెల కాడ దాని పేరు మీద మొక్కిన. బక్కగైతాంది, జర ఒళ్లు జేయనీ తల్లీ అని. దాని పేరు మీది బంగారం దానికి పెట్టకపోతే ఎట్ల?"

"ఎంత పెట్టినవ్?"

"దాని పేరు మీద తెచ్చిందంత."

"వద్దని చెప్పిన గదా!"

"నీ దేవునికి పడదని జెప్పినవనుకున్న. దాని కాళ్లకు పడదని నాకెప్పుడు జెప్పినవ్?"

"నీ కొడుక్కు జెప్పిన. మొదటిరోజే జెప్పిన."

ఆమె వెనకే వచ్చిన కొడుకు వైపు తిరిగింది. ఓంప్రకాశ్ చేతిలోని పగ్గాన్ని చూసుకుంటూ నిలబడ్డాడు.

"యాది లేదమ్మా," అన్నాడు.

"యాది లేదా? నేను బాప్తిస్మం అని ఎక్కిరిస్తాంటె పండ్లు ఇకిలిచ్చినవ్ గదరా! అప్పుడన్న యాదికి రాలేదా?"

అప్పుడే చాందిని మోకాళ్లు వంగాయి. పక్కకు పడింది. ఆ చప్పుడుకు మిగతా గుర్రాలు ఒక్కసారిగా కదిలాయి.

వినోద డాక్టరమ్మ వచ్చి సూది మందు ఇచ్చింది. బండి మాట్లాడి ఈ రోజే దీన్ని ఇక్కడి నుంచి తీసుకుపోతానన్నాను.

"ఎక్కడికి తీస్కపోతవ్ పెద్దాయనా?" అంది. "ఇప్పుడు బండి ఎక్కిస్తే గిట్టల ఉన్న ఎముక కిందికి జారుతది. అట్లయితే ఇక దాన్ని సూదిచ్చి చంపుడే. కదిలియ్యొద్దు."

"ఎన్ని రోజులు?"

"లేచేదాక. లేస్తే, ఎండకాలం పోయేదాక."

ఆ షెడ్డులో నీళ్లు తాగకూడదని అనుకున్నాను. అక్కడే చాప వేసుకోవాల్సి వచ్చింది.

కాలువ పనికి తెచ్చిన ఇసుక దగ్గర్లో కుప్ప పోసి ఉంది. సమ్మమ్మ అడగకుండానే తట్టతో మోసి చాందిని కింద పరిచింది. నీళ్లు చల్లింది. నేను ఆమెతో మాట్లాడలేదు. ఓంప్రకాశ్ టీ తెచ్చి పెట్టేవాడు. చల్లారాక తీసుకుపోయేవాడు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలయ్యాయని పాస్టరు ఫోన్ చేశాడు. ఈసారి క్షమాపణ మీద వాక్యం చెబుతున్నాను, తప్పకుండా రావాలి అన్నాడు. గుర్రం పడుకుని ఉంది, రానన్నాను.

చెయ్యాల్సిన పని మాత్రం ఉంది. దాన్ని ఇటు నుంచి అటు తిప్పి పడుకోబెట్టడానికి ముగ్గురం కావాలి. లేకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది. ముగ్గురం పట్టేవాళ్లం. 

ఒకరోజు సమ్మమ్మ గోనెసంచిలో గడ్డి నానబెట్టి తెచ్చింది. నీళ్లు కారుతున్నాయి. నేను గుర్రంతో అన్నాను.

"చాందినీ, గడ్డి పిండలేదు. తీపంత ఆ నీళ్లల్లనే ఉంటది. అది మళ్ల నీ కడుపులకే పోతది."

సమ్మమ్మ సంచి వెనక్కి తీసుకుంది. బయట నిలబడి చేతులు ఎర్రబడేదాకా పిండింది. తెచ్చి గుర్రం మూతి దగ్గర పెట్టింది.

"చాందినీ, మీ బాపుకు జెప్పు, నాకు గూడ చెవులున్నయని. నాతోని మాట్లాడితే ఆయన చర్చిల ఎవ్వలు పేరు కొట్టెయ్యరని."

 చాందిని ఆ గడ్డి తింది.

అది లేచిన పొద్దున నేను పొయ్యి దగ్గర నీళ్లు కాస్తున్నాను. సమ్మమ్మ బకెట్టు చప్పుడు చేసుకుంటూ లోపలికి పోయింది. ఆ చప్పుడుకు చాందిని ముందు తల ఎత్తింది. తర్వాత ముందుకాళ్లు ఇసుకలో తన్ని, మూలుగుతూ, వెనక భాగం లేపింది. పడబోయింది. సమ్మమ్మ బకెట్టు వదిలేసి భుజం ఆనించింది. నేను పరుగెత్తుకొచ్చి రెండో వైపు పట్టుకున్నాను. చాందిని నిలబడింది. కాళ్లు కొంచెం చాపే ఉన్నాయి, కానీ నాలుగు కాళ్ల మీద నిలబడింది.

సమ్మమ్మ మొక్కడానికి చేతులు ఎత్తబోయి నన్ను చూసి దించేసింది.

"తప్పయింది తమ్మీ," అంది.

  ఆమె చేతులతో పెట్టిన బెల్లం చాందినిని పడగొట్టింది. ఇక అది బరువు మోయలేదు. దాని ఎడమ కాలు ఎప్పటికీ సరిగ్గా ఆనదు.

కానీ ఎండాకాలం పోయేదాకా చాందిని ఇక్కడే ఉండాలి. సాయంత్రం మేత పెట్టేది సమ్మమ్మే. నేను జ్వరపడితే పొద్దుటి మేత కూడా ఆమే పెట్టాలి.

"అక్కా, ఇటు కూసో," అన్నాను.

ఇసుక మీద కూర్చుంది. మొదటి నుంచి చెప్పాను. గడ్డి ఎందుకు నానబెట్టాలో, ఎందుకు పిండాలో, తీపి గిట్టల్లోకి ఎలా దిగుతుందో, ఉలవలతో ఏమవుతుందో. రత్నమ్మ తవుడు ఎంత వేసేదో నా గుప్పిట్లో పట్టి చూపించాను. ఆమె గుప్పిలి చిన్నది. రెండుసార్లు వేయమన్నాను. ఆమె అంతా విని తిరిగి నాకు అప్పజెప్పింది. ఒకచోట తప్పింది. మళ్లీ చెప్పాను.

"మరి పండుగనాడు?" అంది.

"పండుగనాడు గూడ అంతే."

"క్రిస్మస్‌కు?"

"క్రిస్మస్‌కు గూడ అంతే."

ఆమెకు నవ్వు వచ్చింది. నాకు రాలేదు. లేచి, కాగిన నీళ్లలో చన్నీళ్లు కలిపి, చెయ్యి పెట్టి చూడమని బకెట్టు ఆమె ముందుకు జరిపాను.